వెయ్యి రూపాయల్లోపు సిగ్నల్ జనరేటర్: ఇంట్లోనే కట్టుకుందాం, నమ్మొచ్చో లేదో కూడా తేల్చుకుందాం

ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ముందు మల్టీమీటర్ కొంటారు. మంచిదే. కానీ మల్టీమీటర్ ఒక్కటే పని చేస్తుంది: సర్క్యూట్‌లో ఇప్పుడు ఏముందో చెబుతుంది. మూగబోయిన ఆంప్లిఫయర్‌లోనో, మనమే కట్టిన ఫిల్టర్‌లోనో కొలవడానికి సిగ్నలే లేకపోతే మీటర్ ఏం చూపిస్తుంది? సున్నా. అందుకే రెండో పరికరం కావాలి. మనకు తెలిసిన ఫ్రీక్వెన్సీని, మనకు తెలిసిన లెవెల్‌లో, మనకు కావల్సిన చోట లోపలికి పంపే పరికరం. అదే సిగ్నల్ జనరేటర్.

బీటెక్ చదివినవాళ్లకు ఇది ల్యాబ్‌లో పరిచయమే. నలుగురికి ఒక బెంచ్, వారానికి ఒక సెషన్, నాబ్ తిప్పే ఛాన్స్ ఎవరో ఒకరికే. కాలేజీ అయిపోయాక అదీ ఉండదు. కొత్త బెంచ్ జనరేటర్ కొనాలంటే వేలల్లో ఖర్చు. జఫర్‌గఢ్ లాంటి మండల కేంద్రంలో ఉంటే పక్కన అడిగి తెచ్చుకునే ల్యాబ్ కూడా దొరకదు. ఈ ఆర్టికల్‌లో వెయ్యి రూపాయల్లోపు ఒకటి కట్టుకుందాం. నెట్‌లో ఇలాంటి ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి, చాలావరకు వేవ్ రాగానే ఆగిపోతాయి. మనం అక్కడ ఆగం. టెస్ట్ పరికరం తప్పు చెబితే బాగున్న బోర్డును పాడైందనుకుని పారేస్తాం. కాబట్టి కట్టడం సగం పాఠం, దాన్ని పరీక్షించడం మిగతా సగం.

హెచ్‌పీ మొదలైంది దీంతోనే

మీ టేబుల్ మీద హెచ్‌పీ ల్యాప్‌టాప్ ఉందా? ఆ కంపెనీ మొదటి ప్రొడక్ట్ కంప్యూటరూ కాదు, ప్రింటరూ కాదు. సిగ్నల్ జనరేటరే. బిల్ హ్యూలెట్, డేవ్ ప్యాకర్డ్ 1939లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక కారు షెడ్డులో కంపెనీ పెట్టారు. 200ఏ అనే ఆడియో ఆసిలేటర్‌ను 54.40 డాలర్లకు అమ్మారు. అప్పట్లో పోటీ కంపెనీల పరికరాలు 200 డాలర్లకు పైనే ఉండేవి.

అంత తక్కువకు ఎలా ఇచ్చారు? ఆసిలేటర్‌లో పెద్ద తలనొప్పి లెవెల్‌ను నిలకడగా ఉంచడం. గెయిన్ కాస్త ఎక్కువైతే వేవ్ తల తెగుతుంది, కాస్త తక్కువైతే వేవ్ చచ్చిపోతుంది. హ్యూలెట్ దీనికి ఒక చిన్న బల్బు వాడాడు. వేవ్ పెరిగితే బల్బు ఫిలమెంట్ వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో గెయిన్ తగ్గుతుంది. వేవ్ తగ్గితే దీనికి రివర్స్. ఖరీదైన సర్క్యూట్ చేసే పనిని ఒక బల్బుతో చేయించాడు. దాని తర్వాతి మోడల్ 200బీని వాల్ట్ డిస్నీ స్టూడియో 8 కొని, 1940లో వచ్చిన ఫాంటాసియా సినిమా సౌండ్ సిస్టమ్ పనికి వాడుకుంది.

ఇప్పుడు మనకు బల్బు అక్కర్లేదు. ఆ పనిని వేలిగోరంత చిప్ చేస్తుంది.

ముందు ఫ్రీగా: మీ ఫోనే

రూపాయి ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ వేసుకోండి. అందులో టోన్ జనరేటర్ ఉంది. హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ఫోన్, ఒక 3.5 ఎంఎం కేబుల్ ఉంటే ఆడియో పనులకు ఇదే సిగ్నల్ జనరేటర్.

మరి ఇంకోటి ఎందుకు? మూడు కారణాలు. ఒకటి, ఫోన్ ఆడియో చిప్ మామూలుగా సెకనుకు 48,000 శాంపిళ్లు పంపుతుంది. అంటే 24 కిలోహెర్ట్జ్ దాటి సిగ్నల్ ఇవ్వడం దాని వల్ల కాదు. రెండు, లెవెల్ తక్కువ, పైగా వాల్యూమ్ బటన్ ఏ స్టెప్‌లో ఎన్ని వోల్టులిస్తుందో తెలియదు. మూడు, అసలు కారణం: టెస్ట్ చేసే బోర్డులో ఎక్కడో 12 వోల్టుల డీసీ తగిలితే పోయేది పదిహేను వేల ఫోన్. మనం కట్టే బాక్స్‌లో అదే జరిగితే పోయేది ఇరవై రూపాయల చిప్. ఇంట్లో కట్టిన జనరేటర్‌కు ఉన్న పెద్ద ప్లస్ పాయింట్ అదే.

ఏ చిప్ తీసుకోవాలి?

555 టైమర్: హాన్స్ కామెంజిండ్ డిజైన్ చేసిన ఈ చిప్ 1972 నుంచి మార్కెట్లో ఉంది. ఇప్పటికీ పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. కానీ ఇచ్చేది పల్స్ మాత్రమే. ఫ్రీక్వెన్సీ రెసిస్టర్, కెపాసిటర్ విలువల మీద ఆధారపడుతుంది కాబట్టి ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా జరుగుతూ ఉంటుంది. లాజిక్ సర్క్యూట్లకు క్లాక్ కావాలంటే చాలు. ఆంప్లిఫయర్ టెస్టింగ్‌కు సరిపోదు.

ఎక్స్‌ఆర్2206: ఆన్‌లైన్‌లో పారదర్శక ప్లాస్టిక్ బాక్స్‌తో వచ్చే కిట్ ఇదే. సైన్, ట్రయాంగిల్, స్క్వేర్ మూడూ ఇస్తుంది. అయితే ఇది అనలాగ్. నాబ్ తిప్పి 1 కిలోహెర్ట్జ్ మీద కచ్చితంగా నిలపాలంటే పక్కన ఫ్రీక్వెన్సీ మీటర్ ఉండాల్సిందే.

ఏడీ9833: అనలాగ్ డివైసెస్ కంపెనీ చిప్. చిన్న మాడ్యూల్‌గా దొరుకుతుంది. ఫ్రీక్వెన్సీని నంబర్‌గా పంపితే చాలు, క్రిస్టల్ కచ్చితత్వంతో ఇస్తుంది. మనం తీసుకునేది దీన్నే.

కావల్సిన సామాను

ఆర్డునో నానో (క్లోన్ అయినా పర్లేదు), ఏడీ9833 మాడ్యూల్, టీఎల్072 ఓప్-ఆంప్, 10 కిలో ఓమ్‌ల పాట్, రెసిస్టర్లు: 1 కిలో, 9.1 కిలో, 560 ఓమ్‌లు (ఇవి రెండేసి తెచ్చుకోండి), 100 ఓమ్‌లు, 10 కిలో. కెపాసిటర్లు: 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ఒకటి, 100 నానోఫారడ్ సిరామిక్ రెండు, 100 వోల్టుల 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ ఒకటి. రెండు 9 వోల్టుల బ్యాటరీలు, క్లిప్పులు, బ్రెడ్‌బోర్డ్, జంపర్ వైర్లు, ఒక పుష్ బటన్.

రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఓప్-ఆంప్ హనుమకొండ షాపుల్లో అడగండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టు తిరిగితే అన్నీ అయిపోతాయి. ఏడీ9833 మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే ఆర్డర్ పెట్టుకోవాలి. రేట్లు షాపును బట్టి మారతాయి. ఒకే చిప్ ఉన్న చిన్న మాడ్యూల్ తీసుకోండి. ఆంప్లిఫయర్, డిజిటల్ పాట్ కలిపి వచ్చే పెద్ద మాడ్యూల్ తీసుకుంటే కింద నేను చెప్పే లెవెల్స్ కుదరవు.

చిప్ లోపల ఏం జరుగుతుంది?

జాతరలో రంగులరాట్నం ఊహించుకోండి. దానికి 26,84,35,456 సీట్లు ఉన్నాయి (2 పవర్ 28). మాడ్యూల్ మీదున్న 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ సెకనుకు 2,50,00,000 సార్లు టిక్ అంటుంది. ప్రతి టిక్‌కు మీరు కొన్ని సీట్లు ముందుకు దూకుతారు. దూకిన సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంత వోల్టేజ్ బయటికి వస్తుంది. రాట్నం ఒక చుట్టు పూర్తయితే ఒక సైన్ వేవ్ పూర్తయినట్టు. ఎక్కువ సీట్లు దూకితే చుట్టు తొందరగా అయిపోతుంది, అంటే ఫ్రీక్వెన్సీ ఎక్కువ.

ఎన్ని సీట్లు దూకాలో లెక్క సులువు: కావల్సిన ఫ్రీక్వెన్సీ × 26,84,35,456 ÷ 2,50,00,000. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే ఫ్రీక్వెన్సీని 10.73741824తో గుణించడమే. 1000 హెర్ట్జ్‌కు 10737.4 వస్తుంది. సగం సీటు దూకలేం కాబట్టి 10737 తీసుకుంటాం. అప్పుడు వచ్చే అసలు ఫ్రీక్వెన్సీ 999.96 హెర్ట్జ్. తేడా 0.04 హెర్ట్జ్. ఇంత కచ్చితత్వం 555తో కలలో కూడా రాదు.

కనెక్షన్లు, కోడ్

నానో డీ11 నుంచి మాడ్యూల్ డేటా పిన్‌కు, డీ13 నుంచి క్లాక్ పిన్‌కు, డీ10 నుంచి ఎఫ్‌సింక్ పిన్‌కు వైర్లు. 5 వోల్టులు, గ్రౌండ్ కూడా నానో నుంచే. డీ2కి ఒక పుష్ బటన్.

కోడ్‌లో ఎస్‌పీఐ మోడ్ 2, పెద్ద బిట్ ముందు. ఎఫ్‌సింక్‌ను కిందికి దించి, 16 బిట్ల పదం పంపి, మళ్లీ పైకి లేపాలి. 1 కిలోహెర్ట్జ్ సైన్ కోసం ఐదు పదాలు, ఇదే వరుసలో, హెక్స్‌లో: 2100 (రీసెట్), 69ఎఫ్1 (ఫ్రీక్వెన్సీ కింది సగం), 4000 (పై సగం), సీ000 (ఫేజ్ సున్నా), 2000 (రీసెట్ తీసేసి సైన్ మొదలు). చివరి పదం 2002 అయితే ట్రయాంగిల్, 2028 అయితే స్క్వేర్.

వేరే ఫ్రీక్వెన్సీ కావాలంటే లెక్కకట్టిన నంబర్‌ను 16384తో భాగించండి. శేషం కింది సగం, భాగఫలం పై సగం. రెండింటికీ 16384 కలిపి పంపాలి. 100 కిలోహెర్ట్జ్‌కు నంబర్ 10,73,742. భాగఫలం 65, శేషం 8782. మీ కోడ్ ఇవే విలువలు ఇస్తోందేమో సీరియల్ మానిటర్‌లో చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక మాట: ఈ నానోలో ఇంటిజర్ 16 బిట్లే. పైన వచ్చిన నంబర్ అందులో పట్టదు, లాంగ్ వాడాలి. డబుల్ అని రాసినా లోపల అది 32 బిట్ల ఫ్లోటే. మన రేంజ్‌కు అది చాలు. బటన్ నొక్కిన ప్రతిసారి 100, 200, 440, 1000, 10,000 హెర్ట్జ్ వరుసగా మారేలా పెట్టుకుంటే ల్యాప్‌టాప్ లేకుండానే వాడుకోవచ్చు.

అసలు పనంతా అవుట్‌పుట్ దగ్గరే

ఇక్కడిదాకా వచ్చి చాలామంది ఆపేస్తారు. మాడ్యూల్ నుంచి వచ్చే సైన్ దాదాపు 0.6 వోల్టుల పీక్ టు పీక్ మాత్రమే. పైగా అది సున్నాకు అటూ ఇటూ ఊగదు, మొత్తం ప్లస్ వైపే ఉంటుంది. నేరుగా బోర్డుకు తగిలిస్తే మన డీసీ అక్కడి బయాస్‌ను కదిలిస్తుంది, అక్కడి డీసీ మన చిప్‌ను కాల్చేస్తుంది. కాబట్టి మధ్యలో ఒక స్టేజ్ కావాలి.

మాడ్యూల్ అవుట్‌పుట్ నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్లస్ కాలు. మైనస్ కాలు 10 కిలో పాట్ ఒక చివరకు, పాట్ రెండో చివర గ్రౌండ్‌కు. పాట్ మధ్య కాలు టీఎల్072 3వ పిన్‌కు. 1వ పిన్ నుంచి 2వ పిన్‌కు 9.1 కిలో, 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలో. గెయిన్ 10.1. బ్యాటరీలు రెండూ సిరీస్‌లో కలిపి, మధ్య జాయింట్‌ను గ్రౌండ్ చేయండి. 8వ పిన్‌కు ప్లస్ 9, 4వ పిన్‌కు మైనస్ 9. ఆ రెండు పిన్ల నుంచి గ్రౌండ్‌కు చెరొక 100 నానోఫారడ్. చిప్‌లో వాడని రెండో సగాన్ని గాలికి వదలొద్దు: 5వ పిన్ గ్రౌండ్‌కు, 6, 7 పిన్లు ఒకదానికొకటి. చివరగా 1వ పిన్ నుంచి 560 ఓమ్‌ల రెసిస్టర్ దాటాకే మన అవుట్‌పుట్ వైరు.

ఆ 560 ఎందుకు? అవుట్‌పుట్ వైరు పొరపాటున గ్రౌండ్‌కు తగిలినా ఓప్-ఆంప్ మీద భారం పడకుండా కాపాడేది అదే.

"ఎల్ఎం358 ఇంట్లో ఉంది, అది వాడొచ్చా?" అని అడుగుతారు. లెక్క చూద్దాం. ఓప్-ఆంప్ అవుట్‌పుట్ ఒక మైక్రోసెకనులో ఎన్ని వోల్టులు ఎక్కగలదో దాన్ని స్లూ రేట్ అంటారు. ఎల్ఎం358కు అది దాదాపు 0.3. మనకు 3 వోల్టుల పీక్ కావాలి. స్లూ రేట్‌ను 2 × పై × 3తో భాగిస్తే దాదాపు 16 కిలోహెర్ట్జ్ వస్తుంది. అది దాటాక మీరు సైన్ అడిగినా ఎల్ఎం358 ట్రయాంగిల్ లాంటిదే ఇస్తుంది. ఆసిలోస్కోప్ లేనివాళ్లకు ఈ సంగతి తెలియను కూడా తెలియదు, తప్పంతా టెస్ట్ చేసే బోర్డు మీదికి పోతుంది. టీఎల్072 స్లూ రేట్ పది రెట్లకు మించే ఎక్కువ.

టీఎల్072కూ హద్దుంది. దాని గెయిన్-బ్యాండ్‌విడ్త్ 3 మెగాహెర్ట్జ్. గెయిన్ 10 పెట్టాం కాబట్టి 300 కిలోహెర్ట్జ్ దగ్గర లెవెల్ 30 శాతం పడిపోతుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గేది దాదాపు 5 శాతమే. కింది వైపు 10 మైక్రోఫారడ్, 10 కిలో కలిసి 1.6 హెర్ట్జ్ దగ్గర కోస్తాయి. అందుకే బాక్స్ మీద నేను రాసుకున్నది: 10 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్. చిప్ 12.5 మెగాహెర్ట్జ్ వరకు వెళ్తుందని ఆన్‌లైన్ పేజీలో ఉండొచ్చు. మన బాక్స్ వెళ్లదు.

స్క్వేర్ వేవ్‌కు మార్చేటప్పుడు ముందు పాట్ తగ్గించండి. సైన్ 0.6 వోల్టులైతే స్క్వేర్ దాదాపు 5 వోల్టులు వస్తుంది. పది రెట్లు చేస్తే 9 వోల్టుల బ్యాటరీల్లో పట్టదు.

ఆసిలోస్కోప్ లేకుండా నాలుగు పరీక్షలు

ఫ్రీక్వెన్సీ: పాత వైర్డ్ ఇయర్‌ఫోన్‌ను అవుట్‌పుట్‌కు కలపండి. చెవిలో పెట్టుకోవద్దు, ఫోన్ మైక్ దగ్గర పెట్టండి. ఫైఫాక్స్‌లో ఆడియో ఆటోకోరిలేషన్ తెరిస్తే ఫ్రీక్వెన్సీ నంబర్‌గా కనిపిస్తుంది. 440 అడిగితే 440 వస్తోందా? మాడ్యూల్ మీద ఒక క్రిస్టల్, ఫోన్‌లో ఇంకో క్రిస్టల్. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే నమ్మొచ్చు.

లెవెల్: 200 హెర్ట్జ్ సైన్ పెట్టి, ఇయర్‌ఫోన్ తీసేసి, పాట్ ఫుల్‌గా తిప్పి, మల్టీమీటర్ ఏసీ వోల్టులలో చూడండి. 6 వోల్టుల పీక్ టు పీక్ అంటే ఆర్ఎంఎస్ 2.12. దాని చుట్టుపక్కల రావాలి. ఏసీలో 200, 750 రేంజ్‌లు మాత్రమే ఉండే చవక మీటర్‌తో ఇది సరిగ్గా తెలియదు, 2 లేదా 20 వోల్టుల రేంజ్ ఉన్నది కావాలి. కొలత 200 హెర్ట్జ్ దగ్గరే చేయడానికి కారణం ఉంది: చాలా మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ దాటాక తక్కువ చూపిస్తాయి.

ఇక్కడే ఒక బోనస్. స్క్వేర్ వేవ్‌ను కూడా 6 వోల్టుల పీక్ టు పీక్‌కు సెట్ చేస్తే నిజమైన ఆర్ఎంఎస్ 3.00. ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ అదే చూపిస్తుంది. మామూలు మీటర్ 3.33 చూపిస్తుంది. అది సగటు కొలిచి, వచ్చింది సైన్ అనుకుని 1.11తో గుణిస్తుంది కాబట్టి. బాక్స్ మీద ట్రూ ఆర్ఎంఎస్ అని రాసున్న మీ మీటర్ నిజమే చెబుతోందా? ఫ్రెండ్ దగ్గర మామూలు మీటర్ ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

లోడ్: సైన్‌కు తిరిగి వచ్చి, అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు రెండో 560 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 2.12 కాస్తా సగమై 1.06 అవ్వాలి. అలా అయితే మన అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అనుకున్నంతే ఉంది. సగం కన్నా బాగా తగ్గితే ఎక్కడో లూజ్ కాంటాక్ట్, లేదా బ్యాటరీ అయిపోతోంది.

ఫిల్టర్: ఆ 560 తీసేసి, 1 కిలో రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 1 మైక్రోఫారడ్ పెట్టండి. పుస్తకం ప్రకారం 159 హెర్ట్జ్ దగ్గర కెపాసిటర్ మీద వోల్టేజ్ 0.707 వంతుకు తగ్గాలి. 2.12లో 0.707 వంతు 1.50. కానీ మీకు 1.50 వచ్చేది 102 హెర్ట్జ్ దగ్గరే! సర్క్యూట్ తప్పా? కాదు. మన 560 కూడా ఆ 1 కిలోతో సిరీస్‌లో ఉంది, మొత్తం 1560. లెక్క వేసుకోండి, సరిగ్గా 102 వస్తుంది. 159 చూడాలంటే జనరేటర్ టెర్మినల్ దగ్గర ఒకసారి, కెపాసిటర్ మీద ఒకసారి కొలిచి భాగించాలి. నాకు తెలిసి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అంటే ఏంటో ఇంతకన్నా బాగా నేర్పే ప్రయోగం లేదు.

జఫర్‌గఢ్‌లో మైక్ సెట్ కేసు

ఇప్పుడు దీన్ని నిజమైన పనిలో ఎలా వాడాలో చూద్దాం. మా బాబాయ్‌కి ఊళ్లో చిన్న మైక్ సెట్ ఉంది. పెళ్లిళ్లు, బతుకమ్మ, గణపతి నవరాత్రులు, అదే సీజన్, అదే సంపాదన. ఆంప్లిఫయర్‌లో ఒక ఛానెల్ మూగబోయింది. రిపేర్‌కి చూపించాడట.

"బోర్డే పోయిందంటుండు రా. కొత్తది ఏస్తే మూడు వేలంట. ముహూర్తాలు దగ్గరవడ్డయ్," అన్నాడు.

"ఒక్క గంట నాకియ్యి బాబాయ్, చూస్త."

పద్ధతి ఇది. సిగ్నల్ వెళ్లే దారిలో స్పీకర్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. లెవెల్ తగ్గించడానికి జనరేటర్ అవుట్‌పుట్‌కు 10 కిలో, 100 ఓమ్‌ల డివైడర్ పెట్టా. 6 వోల్టులు దాదాపు 60 మిల్లీవోల్టులు అవుతాయి. 6 వోల్టులు అలాగే పంపితే తర్వాతి స్టేజ్ తట్టుకోదు, ట్వీటర్ కాలిపోవచ్చు. డివైడర్ తర్వాత 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, బోర్డు మీది డీసీ మన వైపు రాకుండా. గ్రౌండ్ క్లిప్ బోర్డు ఆడియో గ్రౌండ్‌కు. 1 కిలోహెర్ట్జ్.

వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు దగ్గర ఇచ్చా. స్పీకర్ మోగింది. అంటే పవర్ స్టేజ్ మొత్తం బాగుంది, "బోర్డు పోయింది" అన్న మాట అక్కడే సగం కొట్టుకుపోయింది. ఇంకాస్త వెనక్కి. ప్రీఆంప్ నుంచి వాల్యూమ్‌కు మధ్యలో ఒక కప్లింగ్ కెపాసిటర్ ఉంది. వాల్యూమ్ వైపు కాలు మీద ఇస్తే మోగింది. ప్రీఆంప్ వైపు కాలు మీద ఇస్తే చప్పుడు లేదు. కెపాసిటర్ ఒక పక్క వినిపించి, ఇంకో పక్క వినిపించకపోతే దొంగ ఎవరో తెలిసిపోయినట్టే. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ అది. అదే విలువ, అంతే వోల్టేజ్ ఉన్న కొత్తది పెట్టాక ఛానెల్ లేచింది. సామాను ఖర్చు ఒక చాయ్ అంత.

ఇందులో గమనించాల్సింది "చప్పుడు లేదు" అన్న ఆ ఒక్క క్షణం. జనరేటర్‌ను ముందే పరీక్షించి ఉండకపోతే ఆ నిశ్శబ్దానికి అర్థం ఉండేది కాదు. బోర్డు మూగదా, మన బాక్స్ మూగదా? నాలుగు పరీక్షలు అయ్యాయి, పైగా పక్క కాలు మీద అదే సిగ్నల్ ఇప్పుడే మోగింది. కాబట్టి ఆ నిశ్శబ్దం కూడా సాక్ష్యమే. టెస్ట్ పరికరం విలువ సిగ్నల్ ఇచ్చినప్పుడు కన్నా ఏమీ వినిపించనప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

గ్యాడ్జెట్లు టెస్ట్ చేసేవాళ్లకు

ఆక్స్ ఇన్‌పుట్ ఉన్న బ్లూటూత్ స్పీకర్ తీసుకోండి. బాక్స్ మీద 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. డివైడర్‌తో తక్కువ లెవెల్ పెట్టి, 1 కిలోహెర్ట్జ్ నుంచి 500, 200, 100, 60 హెర్ట్జ్ దాకా దిగండి. అరచేతి సైజు స్పీకర్లలో ఎక్కడో ఒకచోట అసలు టోన్ మాయమై, గరగర మాత్రమే మిగులుతుంది. ఫోన్‌లో ఆడియో స్పెక్ట్రమ్ చూస్తే 60 అడిగిన చోట 120, 180 దగ్గర గీతలు లేస్తాయి. మీరు వింటున్న బాస్‌లో ఎంత నిజమో, ఎంత డిస్టార్షనో అక్కడే కనిపిస్తుంది. ఫోన్ మైక్ కూడా పర్ఫెక్ట్ కాదు కాబట్టి ఒకే ఫోన్‌తో, ఒకే దూరం నుంచి రెండు స్పీకర్లను పోల్చడం సరైన పద్ధతి.

ఇవి మాత్రం చేయొద్దు

ఎస్ఎంపీఎస్, మొబైల్ చార్జర్, ఎల్ఈడీ డ్రైవర్, ఇన్వర్టర్ లాంటి వాటిలో 230 వోల్టుల వైపు ఈ జనరేటర్‌ను ఎప్పుడూ కలపకండి. అక్కడి "గ్రౌండ్" నిజమైన గ్రౌండ్ కాదు, అది నేరుగా కరెంటు లైనుతో కలిసి ఉంటుంది. నానో యూఎస్‌బీ గ్రౌండ్ అంటే మీ ల్యాప్‌టాప్ గ్రౌండే. తప్పు చోట క్లిప్ పెడితే ల్యాప్‌టాప్ పోవడం చిన్న నష్టం, ప్రాణానికే ప్రమాదం. ఆంప్లిఫయర్ మూత తీసినప్పుడు కూడా ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, ఫ్యూజ్, స్విచ్ ఉన్న వైపు చేయి పెట్టొద్దు. క్లిప్పులు మార్చే ప్రతిసారి ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయో లేదో మీటర్‌తో చూసుకోండి.

టెస్ట్ చేసేటప్పుడు నానోను ల్యాప్‌టాప్ నుంచి తీసేసి పవర్ బ్యాంక్‌తో నడపండి. రెండు పిన్నుల ఫోన్ చార్జర్ వద్దు. దాని లోపలి నాయిస్ సప్రెషన్ కెపాసిటర్ వల్ల కొద్దిపాటి లీకేజ్ వచ్చి 50 హెర్ట్జ్ హమ్ కలుస్తుంది. పవర్ బ్యాంక్‌తో ఒక చిక్కుంది: నానో తీసుకునే కరెంట్ చాలా తక్కువ కాబట్టి ఏమీ కనెక్ట్ కాలేదనుకుని కాసేపటికి ఆఫ్ అయిపోవచ్చు. కొన్ని మోడల్స్‌లో బటన్ రెండుసార్లు నొక్కితే లో-కరెంట్ మోడ్ వస్తుంది. టెస్ట్ మధ్యలో చప్పుడు ఆగితే బోర్డును అనుమానించే ముందు నానో మీది పవర్ ఎల్ఈడీ చూడండి.

తర్వాత ఏం చేయొచ్చు?

బ్రెడ్‌బోర్డ్ మీద నాలుగు పరీక్షలూ పాసయ్యాకే పీసీబీ మీదికి సోల్డరింగ్ చేయండి. చిన్న ఓఎల్ఈడీ డిస్‌ప్లే, రోటరీ ఎన్‌కోడర్ కలిపితే షాపులో కొన్నదానిలా ఉంటుంది. 100 కిలోహెర్ట్జ్ దాటాలంటే ముందు మార్చాల్సింది ఓప్-ఆంప్‌ను, చిప్‌ను కాదు. ఏది మార్చినా నాలుగు పరీక్షలూ మళ్లీ మొదటి నుంచి చేసి, వచ్చిన అంకెలు, తేదీ ఒక కాగితం మీద రాసి బాక్స్ మూత లోపల అతికించండి. ల్యాబ్‌లో దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. మీ బాక్స్‌కు అంతకన్నా మంచి స్టిక్కర్ ఏదీ ఉండదు.